ఇసుకతో తోమిన క్యాను

మొన్న ఖతర్‌లో, ముఐథర్‌లోని మా అమ్మాయి ఇంట్లో భోజనాల వేళ, తన సీసాకు అన్న మూతి పెట్టాడన్న కోపంతో మా మనుమరాలు సగానికి పైగా ఉన్న నీళ్లను తొట్టిలో కుమ్మరించివేయగా, ఆ చప్పుడుకు నా చేతిలోని ముద్ద చేతిలోనే నిలిచిపోయింది. దాదాపు ఏబది యేండ్ల క్రిందట నేనూ ఒకచోట అలాగే నీళ్లు పారబోశాను. ఆ సంగతి నేటివరకు ఎవరికీ చెప్పలేదు.

అవి ఖతర్‌లో చమురు పొంగి, రోజుకొక కొత్త కట్టడం లేస్తూ ఉన్న రోజులు. నాన్నగారు ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. ఉమ్ ఘువైలినాలో రెండు గదుల వాటాలో మా కాపురం. గోదావరి సీమ నుండి అమ్మ తెచ్చుకున్న సామానులో మడి, ఎంగిలి పట్టింపులే అన్నిటికంటె బరువైనవి. మూతి తగిలిన పాత్రను తోమి బోర్లించనిదే అది మరల నీళ్లకు పనికిరాదన్నది, నా యీడువారికి చెప్పనక్కరలేదు, ఊహ తెలిసిననాటి నుండి మాకు నేర్పిన పాఠం. కంపెనీ లాంచీ నడిపే ఆయనది జగిత్యాల దగ్గరి పల్లె. మేము మామ అని పిలిచేవాళ్లం. ఒక శుక్రవారం, సముద్రం చూపిస్తానని, పదమూడేండ్ల నన్నూ, నాకంటె నాలుగేండ్లు చిన్నవాడైన తమ్ముణ్ణీ వెంట తీసుకుపోయాడు.

నడిసముద్రంలో ఇంజను ఆగిపోయింది. అక్కడివారు షమాల్ అనే వాయవ్యపు గాలి లేచి, మమ్మల్ని ఒక ఇసుకదీవికి నెట్టివేసింది. చెట్టు లేదు, నీడ లేదు, పక్షుల రెట్టలు తప్ప ప్రాణి జాడ లేదు. దూరాన నీటి నడుమ చమురుబావి మంట మాత్రం ఆరకుండా కనబడేది. అమ్మ పంపిన స్టీలు క్యానులోని నీళ్లే మాకు ఆధారం. గాలి తగ్గగానే పడవ వస్తుందని మామ ధైర్యం చెప్పాడు గనుక తొలినాడు అదంతా మాకు ఆటగానే ఉండింది. గవ్వలేరుకున్నాము, లాంచీ పరదా క్రింద ఇల్లు కట్టుకున్నాము.

మరునాటి ఉదయం మామ గుడ్డ ఊపడానికి దీవి ఆవలి కొనకు వెళ్లగా, తమ్ముడు క్యానునే ఎత్తి మూతి పెట్టి త్రాగాడు. నేను వాణ్ణి మందలించి, మిగిలిన నీళ్లన్నీ పారబోసి, క్యానును ఇసుకతో తోమి, సముద్రపు నీటితో మూడు మార్లు కడిగి బోర్లించి, పెద్దదాన్నయ్యానన్న గర్వంతో ఎదురుచూస్తూ కూర్చున్నాను.

తిరిగివచ్చిన మామ ఖాళీ క్యానును ఎత్తి, లోపలికి తొంగి చూచాడు.

“మస్తు తోమినవ్ బిడ్డా, అద్దమోలె మెరుస్తున్నది,” అన్నాడు. “గని అరబ్బోళ్లన్నట్టు నీళ్లే మాఫీ. ఒక్క సుక్క లేదు.”

ఇక మిగిలినది ఆయన నడుముకున్న చిన్న సీసా. రెండు రోజులుగా ఆయన మూతి పెట్టి త్రాగుతున్నది. దాని మూతలో కాసిని పోసి ముందు తమ్ముడికిచ్చాడు. నా వంతుకు నేను తల త్రిప్పుకున్నాను.

“తాగు పొల్లా! మీ అమ్మ ఈ దర్యాల ఈదుకుంట అచ్చి సూస్తదా?”

“అక్కా, నీకొద్దంటే నాకిచ్చెయ్,” అన్నాడు తమ్ముడు.

మధ్యాహ్నానికి నా పట్టుదల గొంతులోనే ఎండిపోయింది. ఆ మూతెడు నీళ్లు త్రాగాను. తన వంతు వచ్చినప్పుడెల్లా మామ “నేను ఇందాకనే తాగిన” అనేవాడు. ఆయన పెదవులు పగిలి నెత్తురు కనబడుతున్నా, నమ్మడమే నాకు అనుకూలం గనుక నమ్మాను.

మూడవనాడు కంపెనీ పడవ వచ్చేసరికి ఆయన లేచి నిలబడలేకపోయాడు. రేవులో నాన్నగారు నీళ్లేమయ్యాయని నిలదీస్తే, “నా కాలు దాకి క్యాన్ ఒరిగింది సార్, తప్పు నాదే,” అన్నాడు, నావైపు చూడకుండా. తమ్ముడు నావైపు చూశాడు గాని వాడూ పలుకలేదు. నేను అమ్మ కొంగు పట్టుకొని నిలుచున్నాను. పిల్లలను ప్రాణాపాయంలో పడవేశాడని ఆయనను లాంచీ నుండి తప్పించి, ఉమ్ సలాల్ వైపు ఒక సైటుకు బరువులు మోయడానికి పంపారు. మరుసటి యేడు ఊరికి వెళ్లినవాడు మరల రాలేదు.

ఎంగిలి అన్న మాట మా అమ్మాయి ఇంట ఇప్పుడు వినబడదు. అది పోయినందుకు సంతోషించినదాన్నే నేను. అయినా బల్లమీద ఎవరి పేరు వారు వ్రాసుకున్న సీసాలు వేరువేరుగా నిలబడి ఉన్నాయి. ఆనాడు చుట్టూ ఉండి చుక్క త్రాగనివ్వని సముద్రమే నేడు ఉప్పు తీసిన మంచినీరై కొళాయిలో వస్తున్నది; పారబోసినా అడిగేవారు లేరు. మనుమరాలు మరల నింపుకొన్న సీసాను అడిగి, దాని మూతలోనే కాసిని పోయించుకొని త్రాగాను.

“మూతతో ఎందుకమ్మమ్మా, గ్లాసు ఉందిగా?”

జవాబు చెప్పవలసినది మామకు గాని దానికి కాదు గనుక, తడి తుడిచి మూత తిరిగి ఇచ్చాను.