గవర్నరు గారి మొదటి ఉత్తర్వు

ఉపేంద్ర ఒంగోలు నుంచి అకౌంటింగ్ చదవడానికి మెల్‌బోర్న్ వచ్చి, చివరికి బస్సు డ్రైవరుగా స్థిరపడ్డాడు. మా క్రెయిగీబర్న్ తెలుగు సంఘంలో పదకొండేళ్ళుగా ఉన్నాడు. సాంస్కృతిక కార్యదర్శిని నేను, రామచంద్రను. వేషం ఎవరికివ్వాలో, కుర్చీలు ఎవరు వెయ్యాలో నేనే చెబుతాను. ఉపేంద్రకు ఎప్పుడూ కుర్చీలే చెప్పాను. తప్పేముంది? మనిషి గట్టివాడు.

ఈ ఏడాది వార్షికోత్సవానికి మాత్రం నా ప్రాణాలు తోడేశాడు.

"అన్నా, ఒక్క ఏకపాత్ర ఇయ్యన్నా. మా తన్మయి నన్ను ఒక్కసారన్నా స్టేజీ మీద చూడాల. వాళ్ళ ఫ్రెండుకి 'మై డాడ్ డస్ ద చెయిర్స్' అని చెబుతుంటే విన్నా."

పన్నెండేళ్ళ పిల్ల మాట ఆయనకెక్కడ తగిలిందో నాకర్థమైంది. సరేనన్నాను. పౌరాణికం ఇస్తానంటే వద్దన్నాడు. తన్మయి స్కూలు ప్రాజెక్టు చేస్తున్న అమెరికా గవర్నరే కావాలట. పందొమ్మిదో శతాబ్దపు మనిషి, పేరు సైలస్. చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టి, ఎన్నికల్లో గెలిచి, రాష్ట్రాన్ని గడగడలాడించాడు. ఆ పిల్ల ఇదంతా ఇంగ్లీషులో చదివి వినిపిస్తే, మనవాడు 'గవర్నర్' అన్న ముక్కొక్కటే పట్టుకున్నాడు. గవర్నరంటే మనకు తెలియదా అని మిగతాది సొంతంగా రాసుకున్నాడు.

సభ రోజున నల్ల కోటు, ఎత్తు టోపీ, దూది గడ్డంతో రంగం మీదికి వచ్చాడు. "ఢిల్లీ వారు పంపగా వచ్చితిని! రాజ్‌భవన్‌లో విడిది చేసితిని!"

అమెరికా గవర్నరుకు ఢిల్లీ ఏమిటి, నా ఖర్మ కాకపోతే. రిబ్బను కత్తిరించాడు. ముఖ్యమంత్రి పంపిన కాగితాల మీద చదవకుండా సంతకాలు పెట్టాడు. మధ్యలో ఓ కునుకు కూడా తీశాడు. జనం పడీ పడీ నవ్వారు. తన్మయి ఒక్కతే నవ్వలేదు. మొదటి వరసలో లేచి నిలబడింది.

"డాడ్, హి వాజ్ ఎలెక్టెడ్. దేర్ ఈజ్ నో చీఫ్ మినిస్టర్. ద గవర్నర్ ఈజ్ ద బాస్."

ఉపేంద్ర గడ్డం సగం ఊడి వేలాడుతోంది. ఆ మొహం చూస్తే నాకే జాలేసింది. ఏడ్చేస్తాడనుకున్నాను.

ఆయన నింపాదిగా గడ్డం అతికించుకున్నాడు. "ఏమీ, మా పైన అధికారి ఎవ్వరూ లేరా?"

"నో వన్," అంది తన్మయి.

"అట్లయిన ఇదే మా మొదటి ఉత్తర్వు. సభ ముగిసిన పిమ్మట కుర్చీలన్నియు కార్యదర్శి రామచంద్ర గారే తీయవలెను."

అన్ని చప్పట్లు నా నాటకాలకు ఏనాడూ పడలేదు, చెప్పడానికి సిగ్గెందుకు. రెండు వందల కుర్చీలు. నూట తొంభై మడిచేసరికి నడుం పట్టేసింది. ఉపేంద్ర గడ్డం తీయకుండానే స్టేజీ అంచున కూర్చుని టీ తాగుతున్నాడు. పక్కన తన్మయి, తండ్రి టోపీ పెట్టుకుని ఉంది. ఇన్నేళ్ళలో నాతో ఒక్క తెలుగు ముక్క మాట్లాడని పిల్ల, నా వెనక్కి వేలు చూపించింది.

"అంకుల్, ఆ మూల ఇంకా పది ఉన్నాయి. మా నాన్న చూస్తున్నాడు."