పత్తిచేలో వాన కురిపించిన రోజు

ఎనిమిదో తరగతిలో బడికి సెలవు పెట్టాను. ఆ సెలవు ఇంకా పూర్తి కాలేదు. అందుకని, గుంటూరు నుంచి కాలేజీ పిల్లలు ఆరుగురు మా పత్తిచేలో చిన్న సినిమా తీస్తామని వచ్చినప్పుడు, చదువుకున్నవాళ్లకి నేను పాఠాలు చెప్పే రోజొచ్చిందని తెగ సంబరపడ్డాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది.

డైరెక్టరు కుర్రాడు మహా జాగ్రత్తపరుడు. ఆటో దిగుతూనే జాగ్రత్తలు రాసుకున్న కాగితం తీశాడు.

"అన్నా, పాములుంటాయా?"

"ఉంటాయి. వేషమిస్తే వస్తాయి."

"జోకులొద్దన్నా. మోటారు దగ్గర కరెంటు తీగలు?"

ఫ్యూజు పీకి అతని చేతిలో పెట్టాను. జేబులో వేసుకున్నాడు. బావి చుట్టూ తాడు కట్టించాడు, అందరిచేతా బూట్లు వేయించాడు.

సీనేమిటంటే, ఎండుతున్న చేలో రైతు కూతురు నిలబడి ఉంటే వాన పడుతుంది, ఆ పిల్ల నవ్వుతుంది. ఆ ఆరుగురిలో ఉన్న ఒకే ఒక్క అమ్మాయిది కూతురి వేషం. వాన కురిపించే సరంజామా వాళ్ల దగ్గర లేదు. పెట్రోలుతో నడిచే నా పవర్ స్ప్రేయరుందిగా అన్నాను. ముందురోజే దాంతో పచ్చపురుగుకి మందు కొట్టాను. కొట్టడమయ్యాక ట్యాంకులో ఓ బిందె నీళ్లు పోసి, కుదిపి, గట్టు పక్కన పారబోస్తాం. మా వైపు కడగడమంటే అంతే. అంతే చేశాను.

"శుభ్రమేనా అన్నా? ఏదో వాసనొస్తోంది," అన్నాడు డైరెక్టరు.

"మా ఇంట్లో కాఫీ గ్లాసుకంటే శుభ్రం. ఆ వాసన చేనుది."

నిజంగానే నా ముక్కుకి ఏమీ తెలియలేదు.

తుప్పర కాస్త పాలరంగులో పడింది. కెమెరా కుర్రాడు మురిసిపోయాడు. "తెల్లగా భలే కనపడుతోంది, ఇంకొక్కటి తీద్దాం." ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ ఐదుసార్లు ఆ అమ్మాయిని తల నుంచి కాళ్ల దాకా తడిపాను.

ఆరోసారి ఆమె నవ్వలేదు. మోకాళ్ల మీద కూలబడింది.

"ఏడుపు సీను కూడా ఇందులోనేనా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ఆమె నోట్లోంచి చొంగ కారింది. చెంప అదురుతోంది. పురుగుమందు తాగినవాళ్ల నోట కారే ఆ చొంగ మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. నా చేతిలో గొట్టం ఇంకా కొడుతూనే ఉంది. ఆపాలని నాకు తోచలేదు.

పక్క మిరపచేలో కలుపు తీస్తున్న పెద్దామె పరుగెత్తుకొచ్చి నన్ను ఒక్క తోపు తోసింది.

"ఏరా, పిల్లకి మందు కొట్టావంట్రా? మగాళ్లంతా అటు తిరగండి. నీళ్లు, నీళ్లు తేండి."

మోటారు వేద్దామంటే ఫ్యూజు డైరెక్టరు జేబులో ఉంది. కంగారులో అతనికి జేబే దొరకలేదు. బావిలోంచి చేదతో తోడి పోశాం. పెద్దామె ఆ తడిబట్టలు ఊడదీసి, చీర మీద తను తొడుక్కున్న మగాళ్ల చొక్కా విప్పి ఆమెకు తొడిగింది. ఆటోలో ఆసుపత్రికి వెళ్లేదాకా ఆ పిల్ల తల నా ఒళ్లోనే ఉంది. ఊపిరి గరగరమంటోంది. బతికుందా అని డైరెక్టరు నన్ను అడుగుతున్నాడు, నేను పెద్దామెని అడుగుతున్నాను.

"ఏ మందు?" అన్నాడు డాక్టరు.

"రెండు కలిపానండి. ఒకదాని మీద పురుగు బొమ్మ, రెండోదాని మీద పత్తికాయ."

అది జోకు కాదు. నాకు తెలిసింది అంతే. పెద్దామె గట్టు మీద ఏరి చెంగులో మూటగట్టి తెచ్చిన మందు డబ్బాలు రెండూ బల్లమీద పెట్టింది.

సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చి, గండం గడిచింది, పిల్ల బతుకుతుంది అన్నాడు. డైరెక్టరు గోడకి ఆనుకుని ఏడ్చాడు. నేను లేచి నిలబడబోయి తూలాను. డాక్టరు నా గడ్డం పట్టుకుని కంట్లో టార్చి వేశాడు.

"ఆ ట్యాంకు ఎవరి వీపు మీదుంది?"

"నా వీపు మీదేనండి. మూత దగ్గర కాస్త కారుతుంది."

"తలనొప్పి ఎన్నాళ్లుగా ఉంది?"

"పత్తి కాలంలో అందరికీ ఉండేదే కదండీ."

డాక్టరు టార్చి ఆర్పేశాడు. ఆ పిల్ల పక్కన ఇంకో మంచం వేయమని నర్సుకి చెప్పాడు.