మా సార్ హాజరు రిజిస్టర్‌లో నా దొంగ గడియారం

మా చిన్నప్పుడు సోషల్ పీరియడ్‌లో ఎవరూ "ప్రెజెంట్ సార్" అనకూడదు... ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత వస్తువు పేరు చెప్పాలి. కోరుట్లలో తొమ్మిదో తరగతి. చరిత్ర చెప్పే రాజలింగం సార్ కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని పేర్లు పిలిచేవారు. "ఇసుర్రాయి సార్" అని ఒకరు, "సందుగ సార్" అని ఇంట్లో పాత చెక్కపెట్టె ఉన్న ఇంకొకరు... సిరిసిల్ల నుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉండి చదువుకునే పద్మ "నాడె సార్" అనేది. వాళ్ల నాన్న మగ్గం మీద పోగును అటూ ఇటూ నడిపే నాడె అది.

ఆ వస్తువు ఎవరు తెచ్చారో, దాంతో ఎవరు బతికారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రావాలి. సార్ అదంతా ఒక పొడుగు రిజిస్టర్‌లో మా పేర్ల పక్కన రాసుకునేవారు. "రాజుల ముచ్చట పుస్తకంల ఉన్నది. మీ ఇంటి ముచ్చట ఎవలు రాస్తరు? మనమే రాసుకోవాలె" అనేవారు.

నేను మాత్రం "గోడగడియారం సార్" అనేదాన్ని... పచ్చి అబద్ధం. మా ఇంట్లో గడియారమే లేదు. ఉన్నదల్లా మా తాత మోకు. కల్లు గీయడానికి తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే తాడు. దాని మీదే మా ఇల్లు నడిచింది. ఆ పేరు చెప్తే మా క్లాసులోనే ఉన్న దొరల గడీ ఇంటి స్వప్న నవ్వుతుందని నా భయం. గడియారం మా ముత్తాత హైదరాబాద్ నుంచి తెచ్చాడని కోతలు కూడా కోశాను. సార్ నా ముఖం వంక చూసి తరువాతి పేరు పిలిచారు.

మొన్న మా బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం జరిగింది... పేరుకే ఆత్మీయం! ఫంక్షన్ హాలు, డీజే, నెత్తి మీద తిరిగే డ్రోను, ఆడవాళ్లందరికీ ఒకే రంగు చీరలు. గేటు దగ్గర ఇంటెత్తు ఫ్లెక్సీ. దాని నిండా ప్లాట్లు అమ్ముకునే మా శ్రీనివాస్, ఓట్లడగడానికి వచ్చినవాడిలా రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. సార్ ఫొటో కింద మూలన, వెతుక్కుంటే దొరికేంత.

యాంకరింగ్ నాదే. జగిత్యాలలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్తాను కదా, మైకు నాకిచ్చారు. మూడు గంటలపాటు ఒక్కొక్కరే వచ్చి తమ గొప్పలు తామే చెప్పుకున్నారు... కట్టిన ఇల్లు, కొన్న కారు, దుబాయ్‌లో పెట్టిన దుకాణం. చివర్లో మొక్కుబడిగా "ఇదంతా సార్ చలవే" అని ఒక ముక్క. ఆ ముక్క చెప్పేటప్పుడైనా సార్ వైపు చూశారా? చూపు కెమెరా మీదే. ఎనభై దగ్గరపడ్డ మనిషి, మెడలో దండ తీయాలో ఉంచాలో తెలియక, అందరికీ చప్పట్లు కొడుతూ కూర్చున్నారు. మంచినీళ్లు కావాలా అని అడిగినవాడు లేడు.

అప్పుడు సార్ లేచి నా దగ్గరికి వచ్చారు. చేతిసంచిలోంచి ఆ పాత రిజిస్టర్ తీశారు.

"సుజాతా... ఒక్కపారి హాజరు తీస్తనమ్మా. పది నిమిషాలు చాలు" అని మైకు కోసం చెయ్యి చాచారు.

ఎదురుగా ముందు వరుసలో స్వప్న. నా భర్త ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. ఇంతమందిలో నా గడియారం బండారం బయటపడితే! అంతలో కింది నుంచి శ్రీనివాస్ "అన్నం సల్లారుతున్నది, శాలువ కప్పి జల్ది ముగియ్యి" అని అరిచాడు. నాకు కావలసింది అదే. "టైం లేదు సార్..." అని మైకు వెనక్కి లాక్కున్నాను.

"సరే తియ్యమ్మా" అని సార్ రిజిస్టర్ సంచిలో పెట్టుకున్నారు. మైకు లాక్కున్న చేత్తోనే శాలువా కప్పాను. ఆ ఫొటోకే అన్నిటికంటే ఎక్కువ లైకులు వచ్చాయి, ఛీ.

మా వాళ్లను తిట్టడం నాకు తేలికే... వాళ్లు బుద్ధి లేక చేశారు. నేను బుద్ధి ఉండే చేశాను.

నిన్న మెట్‌పల్లిలో సార్ ఇంటికి వెళ్లాను. మేం కప్పిన శాలువా మడతపెట్టి, మెమెంటో విప్పకుండానే బీరువా మీద ఉన్నాయి. "హాజరు తీయండి సార్" అన్నాను. సార్ రిజిస్టర్ తీశారు. కళ్లజోడు జార్చుకుని మొదటి పేరు నుంచి పిలిచారు. ప్రతి పేరు దగ్గరా ఆగారు. నేనే జవాబు చెప్తూ వచ్చాను... ఇసుర్రాయి రాలేదు సార్. సందుగ రాలేదు సార్. నాడె రాలేదు సార్.

నా పేరు వచ్చింది.

"మోకు సార్" అన్నాను. ఏడుపు ఆగలేదు.

సార్ రిజిస్టర్ నా వైపు తిప్పారు. అందరి పేర్ల పక్కనా నిండా రాత... నా పేరు పక్కన మాత్రం ఖాళీ. గడియారం అని అసలు రాయనే లేదు.

"నాకు ఎరుకే బిడ్డా. మీ తాత మోకు భుజాన ఏసుకొని రోజు మన బడి ముంగటికెళ్లే పోయెటోడు. నువ్వు చెప్పినంకనే రాద్దామని ఇడిసిపెట్టిన" అని పెన్ను తీశారు. "ఇగ చెప్పు, ఆ మోకు ఎవలు పేనిన్రు? మీ తాతకు చెట్టెక్కుడు ఎవలు నేర్పిన్రు?"

"తెల్వదు సార్..."

నిజంగానే తెలియదు. తాత ఉన్నన్నాళ్లూ సిగ్గుపడి అడగలేదు. ఇప్పుడు చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. సార్ "మోకు" అని ఒక్క మాట రాసి, మిగతాది ఖాళీగానే వదిలేశారు.

అప్పట్లో మేం చెప్పింది సార్ కూర్చుని రాసుకునేవారు... ఇప్పుడు సార్ చెప్పబోతే మాకు అన్నం చల్లారుతోంది. ఈ పోస్టుకు దండాలు, లైకులు పెట్టకండి. మీ ఇంట్లో అన్నిటికంటే పాత వస్తువేదో కింద రాయండి... కానీ దాని కథ తెలిసిన మనిషి ఇంకా ఉంటే, ముందు వెళ్లి అడిగి రండి.