మాస్కులో లీకు ఆపిన మొనగాడు

మొన్న ఆదివారం ఆళ్లగడ్డలో, మా అత్తగారి ఊళ్లో, నేను వెలగబెట్టిన ఘనకార్యం వింటే మీ చేతిలో టీ ఒలికిపోతుంది. గ్లాసులు కింద పెట్టుకోండి, చెప్తా.

నంద్యాలలో నాది మోటార్లు, పైపులు, డ్రిప్పు సామాన్ల షాపు అని మీకు తెలుసు. నా గురక సంగతీ తెలుసు. మా వీధిలో తెలియనివాళ్లు ఎవరున్నారు? డాక్టరేమో పరీక్ష చేయించి, ఇది ఉత్త గురక కాదు, నిద్రలో మధ్యమధ్య ఊపిరి ఆగిపోతోంది అన్నాడు. ముక్కుకు మాస్కు, మాస్కుకు గొట్టం, గొట్టం చివర ఒక చిన్న మిషను. అది గాలి ఊదుతూ గొంతు మూసుకుపోకుండా చూస్తుందట. సరే, కొన్నాం.

మిషను తెచ్చిచ్చిన అమ్మాయి పాపం ఓపిగ్గా చెప్పింది.

"సార్, దీన్లోపల ప్రెషర్ చూసే సెన్సారు ఒకటి, ఫ్లో చూసే సెన్సారు ఒకటి ఉంటాయి. గాలి పోయే దావలో ఒక ఇరుకు ఉంటాది. ఇరుకుకు ముందర ప్రెషరెంత, దాటినంక ఎంత అని తేడా చూసి, ఎంత గాలి పోతాందో లెక్క కడతాది."

ఇరుకు అనేసరికి నాకు ఎక్కడలేని హుషారొచ్చింది. "ఓసి, ఇది మన వెంచురీ కదమ్మా!" అన్నా. డ్రిప్పు పైపులోకి ఎరువు నీళ్లను లాగే పరికరం లెండి. అదీ ఇరుకులో ప్రెషర్ తేడాతోనే పనిచేస్తుంది. ఇంకేం, గోస్పాడు రైతులకు నేనెట్లా బిగించిచ్చానో, ఎవరెవరు దాన్ని తలకిందులుగా పెట్టుకున్నారో, అంతా ఏకరువు పెట్టా. ఆ పిల్ల "సార్, ఇంకొక్క మాట, మాస్కు ముందర..." అంటూనే ఉంది. "ప్రెషర్ గురించి నాకే చెప్తాండావా పాపా!" అని నవ్వుతూ పంపించేశా. ఆ ఒక్క మాట వినుంటే ఈ కథే లేదు.

తర్వాత వచ్చింది మా బామ్మర్ది ఓబులేసు కొత్తింటి గృహప్రవేశం. మా రామలక్ష్మి, అంటే నా భార్య, బయల్దేరకముందే షరతు పెట్టింది.

"పోయినసారి పెండ్లిలో నీ గురకకు మా చుట్టాలంతా చాపలు చంకన పెట్టుకోని మిద్దెక్కినారు. ఆ మిషను తెచ్చుకుంటేనే మా వాళ్లింట్ల పండుకో. పుట్టింట్ల ఇంకోసారి నా తల తీసేయొద్దప్పా."

నవ్వుతూ అనలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ మనసు చివుక్కుమంది. ఈసారి దీని పరువు నిలబెట్టాల్సిందే అనుకున్నా.

గృహప్రవేశం బాగా జరిగింది. ఓలిగలు, అదే బొబ్బట్లు, వాటి మీద నెయ్యి, చిత్రాన్నం... వడ్డించినవాళ్లకు వద్దనకుండా తిన్నా. కళ్లు వాలిపోతున్నాయి. మధ్యాహ్నం కునుక్కి హాల్లో చాపలేశారు. నేను మిషను పెట్టి, మాస్కు తగిలించుకునేసరికి చుట్టాలంతా సినిమా చూసినట్టు చుట్టూ చేరారు. ఓబులేసు వంగి చెవి పెట్టాడు.

"బావా, లీకు! బుస్సుమని గాలి పోతాంది!"

చెయ్యి పెట్టి చూశా. నిజమే! మాస్కు ముందర జల్లెడలాగా సన్న బొక్కలు, వాటిలోంచి గాలి. ఇంట్లో కూలర్ మోతలో ఇన్నాళ్లూ తెలియనే లేదు. మా మామ అరుగు మీద నుంచే, ఎటో చూస్తూ, "పైపులంగడాయన మాస్కే కారుతాందే!" అన్నాడు. తన మిరప తోటకు డ్రిప్పు నా దగ్గరే తీసుకుంటానని పొద్దునే మాటిచ్చిన మామ ఆయన.

నాకు రోషం పొడుచుకొచ్చింది. కొత్తిల్లు కదా, ప్లంబర్ సామానంతా మెట్ల కిందే ఉంది. రెండు ముద్దలు కలిపి పిసికే సీలు తీసుకున్నా. బొక్కల మీద నున్నగా పూశా. పైన తెల్ల టేపు చుట్టా. అది గట్టిపడేదాకా కారబూందీ నములుతూ, లీకులు ఎట్లా ఆపాలో అందరికీ క్లాసు పీకా.

మళ్లీ మాస్కు పెట్టి ఆన్ చేశా. బుస్సు లేదు, కిస్సు లేదు. "శబాష్ బావా!" అన్నాడు ఓబులేసు. రామలక్ష్మి ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

పడుకున్నా. కాసేపటికి ఉక్కపోత మొదలైంది. ఓలిగలు ఎక్కువయ్యాయిలే అనుకున్నా. మిషను తెర మీద ఇంగ్లీషులో ఏదో వెలిగింది. అద్దాలు తీసేశా కదా, కనపడలేదు. పట్టపగలే గుడ్ నైట్ చెప్తోందేమో అనుకున్నా! తల దిమ్ముగా ఉంది. మాస్కు తీస్తే ఇంతమందిలో నవ్వులపాలు. ఓర్చుకుంటూ కళ్లు మూసుకున్నా.

సర్రుమని మాస్కు ఊడొచ్చింది! కళ్లు తెరిస్తే రామలక్ష్మి.

"ఏమైందప్పా! గురక లేదు, బుస్సు లేదు, ముఖమంతా చెమటలు! నీకేమన్నా అయితే నేనేం గావల్ల?"

ఆ కొత్తింటి గాలి నేను గుటకలేసి మరీ తాగా.

మిషను అమ్మాయికి ఫోన్ చేసింది ఓబులేసు. స్పీకర్ పెట్టాడు, ద్రోహి. అంతా విని ఆ పిల్ల ఒకటే గోల.

"అయ్యో సార్, అవి లీకులు గాదు! మీరు విడిచిన గాలి బయటికి పోయే దావ అది. ఎంత ప్రెషర్‌కి ఆ బొక్కల్లోంచి ఎంత గాలి పోతాదో మిషనుకు ముందే తెల్సు. అది తీసేసి, మిగిలినదాన్ని మీ ఊపిరి అని లెక్కేస్తాది. మూసేస్తే దానికి లెక్క తప్పె, మీకు మీరు విడిచిన గాలే మళ్లా పీల్చాల్సొచ్చె. ప్రాణం మీదికొస్తాది సార్! ఆ పొద్దు చెప్దామంటే మీరు వెంచురీ వదల్లేదు." కాస్త ఆగి, "నీళ్లు కారిపోతాండాయని ఎవరన్నా రైతు డ్రిప్పు పైపు బొక్కలన్నిటికీ సీలేస్తే మీరేమంటారు సార్?" అంది.

"తిక్కోడంటాడు!" అని నా బదులు ఓబులేసే చెప్పాడు. హాలంతా ఒకటే నవ్వులు. రామలక్ష్మి ఒక్కతే నవ్వలేదు.

ఆ మాస్కు ఇక పనికిరాదు. పడుకోకూడదనుకుంటూనే సాయంత్రం కుర్చీలో కునుకు తీశా. మోటారు స్టార్టయిందట! ఎవరో లేపబోతే రామలక్ష్మి అడ్డం పడిందని తర్వాత ఓబులేసు చెప్పాడు.

"ఎవురూ లేపాకండి. పెట్టనీ. ఆ చప్పుడు వినపడితేనే నాకు ధైర్నం."

షరతు పెట్టిన మనిషే ఆ మాట అంది! ఊపిరి ఆగినప్పుడల్లా మోచేత్తో ఒక పోటు పొడుస్తూ, తన పుట్టింటి చుట్టాలందరి ముందూ నా పక్కనే కూర్చుందట.

కొత్త మాస్కు వచ్చింది. ఈసారి ఆ అమ్మాయి చెప్పినదంతా నోరు మూసుకుని విన్నా. ఇక్కడితో పోయిందనుకున్నా. నిన్న మామ షాపుకొచ్చాడు. డ్రిప్పు సామానంతా చూసుకుని, లేస్తూ లేస్తూ నా భుజం తట్టాడు.

"సామాన్లు నీ తావే తీసుకుంటాలే అల్లుడా. బిగించేదానికి మాత్రం నువ్వు రావాకు. బొక్క కనపడితే నీ చేతులు ఊరికే ఉండవు."