వేళ్ళ మాస్టారు

మా ఆయన్ని బొమ్మల క్లబ్బులో అందరూ వేళ్ళ మాస్టారు అనేవాళ్ళు. ఆయన మాస్టారేమీ కాదు. కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు అద్దాలు అరగదీశారు. ముందు గదిలో జనం ఫ్రేములు పెట్టుకుని అటూ ఇటూ మొహం తిప్పి చూసుకుంటుంటే, వెనక ఈయన తిరిగే రాయి ముందు స్టూలు మీద కూర్చుని, నీళ్ళు చిమ్ముతుంటే, ఆ ఫ్రేముల్లో పట్టేలా అద్దం అంచులు అరగదీస్తూ ఉండేవారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చొక్కా చేతుల మీద తెల్లటి బురద ఎండిపోయి ఉండేది. ఎంత ఉతికినా ఆ మరక పూర్తిగా పోయేది కాదు. ఆ చొక్కాలు రెండు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి.

ఆయనకి నలభై దాటాక ఈ బొమ్మల పిచ్చి పట్టుకుంది. ఎవరో కస్టమరు కళ్ళజోడు పెట్టెలో ఒక ప్లాస్టిక్ బొమ్మ మర్చిపోయి వెళ్ళాడు. చిటికెన వేలంత వంటవాడు. నెత్తిన తెల్ల టోపీ, చేతిలో గరిటె. వారం రోజులు ఎదురుచూసినా ఎవరూ అడగలేదు. ఇంటికి తెచ్చి టీవీ మీద నిలబెట్టి, "పాపం, వీడికి తోడెవరైనా ఉంటే బాగుండు" అన్నారు. మాకు పిల్లలు లేరు. ఆయన నవ్వుతూనే అన్నారు గాని నాకు నవ్వు రాలేదు.

ఆ బొమ్మలు ప్యాకెట్లలో వస్తాయి. వరసకి పదహారు రకాలు. ప్యాకెట్టు బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి, లోపల ఎవరున్నారో చింపితే గాని తెలియదు. ఈయన చింపినప్పుడల్లా వంటవాడే వచ్చాడు. మూడోసారి కూడా గరిటె బయటపడేసరికి, "ఇంట్లో నలుగురు వంటవాళ్ళయ్యారు, వండేది మాత్రం నేనొక్కదాన్నే" అన్నాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆ రోజుల్లో ఇద్దరం కలిసి నవ్వుకునేవాళ్ళం.

తర్వాత ఎవరో చెప్పారట, ప్యాకెట్టు చింపకుండా పైనుంచి తడిమి లోపల ఏముందో కనిపెట్టేవాళ్ళుంటారని. లోపల బొమ్మ ముక్కలుగా ఉంటుంది. తల, మొండెం, కాళ్ళు, టోపీ, చేతిలో పట్టుకునే వస్తువు. ఆ వస్తువు దొరికితే మనిషి దొరికినట్టే. ఈయన షాపులో అరగంట నిలబడి తడిమారు. చెప్పినవి ఏడు, ఒక్కటీ కలవలేదు. తనకి చేతకావడం లేదని విసుక్కున్నారు.

చేతకాక కాదని నాకు ఒక ఆదివారం పొద్దున తెలిసింది. స్టీలు గ్లాసులో పొగలు కక్కే టీ ఇచ్చాను. పేపరు చదువుతూ అలాగే పట్టుకుని కూర్చున్నారు. నేను ముట్టుకుంటే నా చెయ్యి చుర్రుమంది. లాక్కుని చూస్తే ఆయన వేళ్ళ కొసలు ఎర్రగా కమిలి ఉన్నాయి. ఆయనకేమీ తెలియలేదు. అన్నేళ్ళ రాయీ నీళ్ళూ ఆయన వేళ్ళలో స్పర్శని మింగేశాయి. కాలినచోట మందు రాస్తుంటే చెయ్యి వెనక్కి తీసుకుని, "ఎవరికీ చెప్పకు. అద్దం అంచు వేలితోనే చూడాలి. షాపులో తెలిస్తే నన్ను బయటికి పంపేస్తారు" అన్నారు. చెప్పనన్నాను.

మరుసటి వారం బొమ్మల షాపుకి ఇద్దరం వెళ్ళాం. ఆయన ఒక ప్యాకెట్టు నా చేతిలో పెట్టి, నువ్వు చూడు అన్నారు. నేను చదివింది అయిదో తరగతి. కానీ పప్పులో రాయి ఉందంటే చూడక్కర్లేదు, చేతికే తెలుస్తుంది నాకు. ప్యాకెట్టు మెల్లగా జరుపుతూ పోతే సన్నటి రింగు తగిలింది, దాని కింద గుండ్రటి డబ్బీ లాంటిది. "లాంతరుంది" అన్నాను. బస్‌స్టాపు బల్ల మీద కూర్చుని చింపారు. నీలం కోటూ తెల్ల గడ్డంతో లైట్‌హౌసు కాపలావాడు, చేతిలో లాంతరు. ఆ వరసలో అందరికంటే తక్కువ దొరికేవాడట. ఆయన నా మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయారు. "వీడు నీవాడు" అన్నారు. ఇంటికొచ్చి వాణ్ణి వంటింటి కిటికీలో, ఉప్పు సీసా పక్కన ఆయనే నిలబెట్టారు.

అక్కణ్ణించి మా ఇద్దరి పని ఒకే తీరుగా సాగింది. షాపులో ఆయన కౌంటరు దగ్గర షాపావిడతో ఆ కబురూ ఈ కబురూ చెప్పేవారు. నేను మూలనున్న పెట్టె దగ్గర, భర్త కోసం విసుగ్గా నిలబడ్డ ఆడదానిలా నిలబడి, ఒక్కొక్కటే తడిమేదాన్ని. కావలసినవి బుట్టలో ఎడమవైపు వేసేదాన్ని. గజ ఈతగాడు, తోటమాలి, తపాలా ఆవిడ, గొడుగు బాగుచేసేవాడు. పదేళ్ళలో పన్నెండు వరసలు నిండాయి. ఆయన గోడకి అద్దాల అర చేయించారు. అప్పుడే కాపలావాణ్ణి కూడా కిటికీలోంచి తీశారు. "ఇక్కడ జిడ్డు పడుతోంది, వరసలో ఉండనీ. నీవాడేగా, ఎక్కడికి పోతాడు" అన్నారు.

క్లబ్బు పెట్టింది ఆ మధ్యలోనే. పదిహేను మంది ఉండేవాళ్ళు, అందరూ తలలు నెరిసినవాళ్ళే. సెక్రటరీ ఒక రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా, ప్రతిదానికీ కాగితం ఉండాలంటాడు. ఈయన నేను తడిమిన ప్యాకెట్లు తీసుకెళ్ళి, వాళ్ళ ముందు కళ్ళు మూసుకుని నొక్కి, ఇది ఫలానా అనేవారు. చింపితే అదే. ఎవరైనా తమ ప్యాకెట్టు చేతికిస్తే, ఇవాళ రాయి మీద పనెక్కువైంది, ఇంటికెళ్ళి తీరిగ్గా చూస్తానని జేబులో వేసుకునేవారు. మర్నాడు నేను చెప్పింది చీటీ మీద రాసి పట్టుకెళ్ళేవారు. అలా వేళ్ళ మాస్టారయ్యారు.

ఒకసారి క్లబ్బువాళ్ళు మా ఇంట్లోనే కూర్చున్నారు. నేను టీలు ఇస్తుంటే ఎవరో సరదాకి, వదినగారూ మీరూ ఒకటి చెప్పండి అని ప్యాకెట్టు అందించారు. తీసుకున్నాను. రెండు వేళ్ళు కదిలించేసరికే తెడ్డు తగిలింది. చెప్పబోతుంటే ఈయన నా మణికట్టు పట్టుకుని, "అలా నలపకూడదు. బొటనవేలు కింద పెట్టి, చూపుడువేలితో చూడాలి" అని అందరికీ వినపడేలా నేర్పారు. సెక్రటరీ నవ్వి, "వదిలెయ్యండి మాస్టారూ, ఆవిడకి బియ్యంలో రాళ్ళేరే అలవాటు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ప్యాకెట్టు బల్ల మీద పెట్టేసి కప్పులు తీసుకుని లోపలికెళ్ళాను.

వాళ్ళు వెళ్ళాక కప్పులు కడుగుతూ అడిగాను. నా పేరు ఒక్కసారి చెబితే ఏం పోయిందని.

"చెబితే, మరి మీరెందుకు తడమరని అడుగుతారు. ఏం చెప్పమంటావు? పని మానేశాక చెబుతాలే. అందరి ముందూ చెబుతా."

సరేనన్నాను. ఆరేళ్ళు ఆగాను. ఆయన పని మానేసిన రోజున షాపువాళ్ళు దండ వేసి గోడగడియారం ఇచ్చారు. ఇక భయపడటానికి ఏమీ లేదు. ప్రతి నెలా క్లబ్బుకి వెళ్ళి వచ్చినప్పుడు ఆయన మొహంలోకి చూసేదాన్ని. చెప్పులు విప్పి, మంచినీళ్ళడిగి, టీవీ పెట్టుకునేవారు. ఒకరోజు నేనే ఆ మాట ఎత్తాను. "ఇప్పుడు చెబితే ఇన్నేళ్ళూ అబద్ధం చెప్పాననుకుంటారు" అన్నారు. అనుకుంటే నిజమేగా అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కొత్త వరస వచ్చిందట, వెళదామా అన్నారు. వెళ్ళాను. నాకు కూడా ఆ పెట్టె ముందు నిలబడకపోతే తోచేది కాదు. ఇది ఎవరికీ చెప్పుకోలేదు.

పోయిన ఏడాది ఒక పొద్దున స్నానం చేసి, తల తుడుచుకుంటూ కుర్చీలో కూర్చుని, మళ్ళీ లేవలేదు. తువ్వాలు చేతిలోనే ఉంది.

నెల తిరక్కముందే సెక్రటరీ కాగితం పట్టుకుని వచ్చాడు. బొమ్మలన్నీ క్లబ్బుకి చెందాలని ఆయన ముందే రాసి ఇచ్చారట. లైబ్రరీ మేడ మీద హాల్లో ఆయన పేరున అద్దాల బీరువా పెడతారట. నాకు ఒక్క మాట చెప్పలేదు ఆయన. అయినా ఆ బొమ్మల్ని చూసుకుంటూ ఒక్కదాన్నీ ఎలా ఉంటాను, తీసుకుపోండి అన్నాను. ఒక్క కాపలావాణ్ణి మాత్రం ఉంచుకుంటానన్నాను.

సెక్రటరీ జాబితా తీసి నా ముందు పెట్టాడు. ఆయన చేతిరాత. బొమ్మ పేరు, దొరికిన రోజు, దొరికిన తీరు. నేను మెల్లగా కూడబలుక్కుని చదివాను. దొరికిన తీరు అన్నచోట మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకటే మాట. నా చేత్తో. నా చేత్తో. నా చేత్తో. కాపలావాడి ఎదురుగా కూడా అదే. ఎవరి ముందో పరువు కోసం చెప్పిన అబద్ధం వేరు. ఒంటరిగా కూర్చుని, పక్కగదిలో నేనుండగా, కాగితం మీద ఇలా రాసుకోవడం వేరు.

"వీడు నాకిచ్చారు" అన్నాను.

"మాస్టారు అలా రాయలేదు కదండీ" అన్నాడతను, మర్యాదగానే. "పైగా వీడొక్కడు పోతే మిగతా పదిహేనుమందికీ విలువుండదు. బీరువా తెరిచే రోజు సభ్యులంతా వస్తారు, అడిగి చూద్దాం."

ఆ రోజు హాల్లో ముప్ఫై మంది దాకా ఉన్నారు. బొమ్మల షాపావిడ కూడా కొత్త వరస పెట్టె తీసుకుని వచ్చింది. బీరువాకి అతికించిన అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఈ బొమ్మలన్నిటినీ వేళ్ళ మాస్టారు తన చేతివేళ్ళతో గుర్తించి సేకరించారు. సెక్రటరీ మాట్లాడాడు, ఇంకో ఇద్దరు మాట్లాడారు. తర్వాత, వదినగారు ఏదో అడగాలట, అన్నాడు. లేచాను. ఇంట్లో వంద సార్లు అనుకున్న మాట.

"ఆ కాపలావాణ్ణి నాకిచ్చెయ్యండి. ప్యాకెట్లు తడిమింది నేను. ఆయన వేళ్ళకి స్పర్శ లేదు."

నేను షాపావిడ వైపు చూశాను. పదేళ్ళు ఆమె కళ్ళ ముందే తడిమాను. ఆమె తల వంచుకుని పెట్టె మీది స్టిక్కరు సరిచేసుకుంటోంది. ముందు వరసలో ఎవరో, పాపం, బాధలో ఉన్నారు, అన్నారు. అప్పుడు నేనే వెళ్ళి ఆ కొత్త పెట్టెలోంచి ఒక ప్యాకెట్టు తీశాను. నేనెన్నడూ చూడని వరస. తడిమాను. సన్నటి గొట్టం, దానికి అడ్డంగా పిడి. సైకిలు పంపు అన్నాను. టోపీకి ముందువైపు అంచుంది అన్నాను. సెక్రటరీ చింపాడు. అంచు టోపీ పెట్టుకున్న సైకిలు మెకానిక్కు, పంపుతో సహా.

నా ఛాతీలో పదేళ్ళ బరువు కదిలినట్టయింది. అప్పుడు సెక్రటరీ ఆ ముక్కలు అరచేతిలో ఎత్తి చూపిస్తూ అన్నాడు.

"చూశారా మన మాస్టారు! ఇంట్లోవాళ్ళకి కూడా ఎంత బాగా నేర్పి వెళ్ళారో!"

అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేను ఇంకేదో అనబోయాను. ఆ చప్పట్లలో నా మాట నాకే వినిపించలేదు. ఆ మెకానిక్కుని నా చేతిలో పెట్టి, ఆయన గుర్తుగా ఇది మీరే ఉంచుకోండి అన్నారు. కాపలావాడి సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మెట్లు దిగుతుంటే షాపావిడ వెనకే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నాకు తెలుసమ్మా. కానీ నా షాపుకి వచ్చేది వాళ్ళే కదా" అంది.

చెయ్యి విడిపించుకుని వచ్చేశాను.

ఇప్పుడు నెలకోసారి నేను ఆ హాలుకి వెళ్ళి బొమ్మల దుమ్ము దులుపుతాను. దులపడం ఇంకెవరికీ సరిగా రాదని క్లబ్బువాళ్ళు అడిగారు. ఎందుకు ఒప్పుకున్నానో నాకే తెలియదు. ఒప్పుకోకపోతే కాపలావాణ్ణి అద్దంలోంచి చూడటమే తప్ప ముట్టుకునే దారి లేదు. మెత్తటి బ్రష్షుతో ఒక్కొక్కరినీ దులిపి, వాడి వంతు వచ్చేసరికి కళ్ళు మూసుకుంటాను. లాంతరు రింగు బొటనవేలికి తగులుతుంది, బస్‌స్టాపు రోజులాగే. అప్పటిదాకా కుర్చీలో పేపరు చదువుకుంటున్న సెక్రటరీ పేపరు దించుతాడు.

"జాగ్రత్త వదినగారూ, అది చాలా అరుదైనది" అంటాడు.

జాగ్రత్తగానే పెడతాను. తాళం అతనే వేస్తాడు.

సైకిలు మెకానిక్కు వంటింటి సొరుగులో ఉన్నాడు, వాళ్ళిచ్చినట్టే ముక్కలుగా. ఇంకా తల తగిలించలేదు.