మనిషి బయల్దేరారు

పొద్దున్నుంచి ఇంట్లో నెట్ లేదు. కంపెనీకి ఫోన్ చేస్తే, చెవి వేడెక్కేదాకా ఏదో వాయిద్యం వినిపించి, చివరికి ఒక అమ్మాయి తియ్యటి గొంతుతో, "మా మనిషి బయల్దేరారు మేడమ్, ఇంట్లోనే ఉండండి" అంది. నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఒకప్పుడు పూటకు ఇరవై సార్లు ఆ మాట చెప్పిన నోరు నాది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆబిడ్స్‌లో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో కంప్లైంట్లు రాసుకునే ఉద్యోగం చేసేదాన్ని. చీటీ రాసి దేవదానం సార్ చేతికిస్తే ఆయన ఆ ఇంటికి వెళ్లి లైన్ బాగుచేసేవారు. మెదక్ నుంచి వచ్చిన మనిషి, యాభై దాటాయి, తొందరన్నది ఎరగరు. చేరిన వారంలోనే, "ఫోన్ల కూసుంటె ఏం తెలుస్తది బిడ్డా, జర కండ్లతోని చూద్దువు రా" అంటూ నన్ను నాంపల్లిలో ఒక ముసలాయన ఇంటికి తీసుకుపోయారు. రూటర్ మీద లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. పని అయిపోయిందనుకుని చీటీ చాపాను. సార్ సంతకం పెట్టలేదు. ముసలాయననే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి పేజీ తెరవమన్నారు. తెరుచుకోలేదు. వైరును చేత్తో తడుముకుంటూ మేడ మీదికి వెళ్లి, వాన నీళ్లు దిగిన అతుకు కోసి కొత్తగా కలిపి వచ్చారు. "లైట్లు చూసి చీటీ మూస్తె ఎట్ల? గాయిన నోటితోని నెట్ వచ్చింది అనాలె. గప్పుడే సంతకం" అన్నారు.

ఇలా చేస్తే రోజుకు నాలుగిళ్లు కావడమే గగనం. మా ఓనరు ఆయన్ని ఎప్పుడు వదిలించుకుందామా అని చూస్తుండేవాడు.

ఒక వానాకాలం రోజు సగం ఊరికి నెట్ పోయింది. నాంపల్లి నుంచి శారద అనే అమ్మాయి ఫోన్ చేసింది. టీచర్ ఉద్యోగం దరఖాస్తుకు ఆ సాయంత్రమే ఆఖరు గడువు. తండ్రి మంచం పట్టాడు, ఇల్లు నడిచే దారి ఇంకోటి లేదు. "అక్కా, నేను నెట్ సెంటర్‌కు పోవాల్నా, మీ మనిషి వస్తడా?" అని అడిగింది. పొమ్మని ఉంటే సరిపోయేది. అలవాటైన నోరు కదా, "బయల్దేరారు, ఇంట్లోనే ఉండు" అంది. ఆమె చీటీ నా మోచేతి కిందే ఉంది, సార్‌కు ఇవ్వనేలేదు. మరో రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ అదే చెప్పాను.

మర్నాడు ఆమె సర్టిఫికెట్ల కవరు పట్టుకుని ఆఫీసుకొచ్చింది. అరవలేదు, ఏడవలేదు. "నిన్న ఎవరు బయల్దేరిన్రు?" అని మాత్రం అడిగింది. ఓనరు నా వైపు చూశాడు. అప్పుడే లోపలికొచ్చిన దేవదానం సార్ నా బల్ల మీది చీటీని చూశారు, నన్ను చూశారు. "చీటీ నాకు ముట్టింది సార్. నేనే మర్చిన" అన్నారు.

కాని పనిని అయిందని సంతకం పెట్టని మనిషి నా కోసం అబద్ధమాడారు. ఆ సాయంత్రమే ఆయన్ని తీసేశారు. మెట్ల దాకా వెంట వెళ్లాను. "నీది కొత్త కొలువు. నాదెట్లైన అయిపోవచ్చింది. ఫికర్ చెయ్యకు" అని ఆయనే నాకు ధైర్యం చెప్పారు. సిగ్గులేకుండా మర్నాడు మళ్లీ అదే కుర్చీలో కూర్చుని ఫోనెత్తాను.

కొన్నేళ్లకు ఒక దవాఖాన ముందు ఆయన కనబడ్డారు. చిక్కి సగమయ్యారు, భార్య భుజం పట్టుకుని నడుస్తున్నారు. క్షమించమని అడగబోయాను. ఆయన అడ్డుపడి, "గా శారద బిడ్డకు తర్వాత ఏమన్న దొరికిందా?" అన్నారు.

అన్నాళ్లూ నా తప్పు తలచుకుని నన్ను చూసి నేనే జాలిపడ్డాను తప్ప, నడిస్తే పావుగంట దూరంలో ఉన్న ఆ ఇంటికి ఒక్కసారీ వెళ్లలేదు. "దొరికింది సార్, టీచరైంది" అన్నాను.

"దేవునికి స్తోత్రం" అని ఆయన కళ్లు తుడుచుకున్నారు.

ఆ నెలలోనే పోయారు. తర్వాత శారద ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే అక్కడ వేరెవరో కిరాయికి ఉన్నారు. ఆమె ఎటు పోయిందో చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. సార్ భార్య మాత్రం ఇప్పటికీ ఎక్కడ ఎదురైనా నా రెండు చేతులూ పట్టుకుంటారు. "నీ మాట ఇన్నంక మీ సార్ మంచిగ నిద్రపోయిండు బిడ్డా" అంటారు. నేను తల ఊపుతాను.