స్వప్న మేడం ఇంగ్లీషు

స్వప్న అంటే నాకు పడదు, ముందే చెప్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా కోచింగ్ సెంటర్‌లో ఉద్యోగాలు ఊడగొట్టడమే ఆమె ఉద్యోగం. నాలుగేళ్లలో పదకొండు మందిని పంపింది. ఆ పదకొండోవాణ్ణి నేనే, ఫిజిక్స్ చెప్పే ప్రసన్నకుమార్‌ని.

అందరినీ ఇంగ్లీషులోనే పంపేది. "మేనేజ్‌మెంట్ హ్యాజ్ డిసైడెడ్" అని మొదలుపెట్టి, గొంతు వణకకుండా ముగించేది. నేనూ ఇంగ్లీషులోనే నానా మాటలూ అన్నాను. చిరునవ్వుతో "ఐ అండర్‌స్టాండ్" అంది. ఒళ్లు మండిపోయింది. అంతలో సొరుగు మూస్తుంటే వేలు నలిగి, "ఓ యవ్వా!" అని అరిచింది. నల్లగొండ పల్లె నుంచి వచ్చి మీర్‌పేటలో ఉంటున్న మనిషి. దెబ్బ తగిలితే ఏ భాష బయటికొస్తుందో ఆ రోజు చూశాను.

వారం తర్వాత ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కోసం వెళ్లాను. ఆమె ఎదురుగా అటెండర్ జంగయ్య నిలబడి ఉన్నాడు. నల్లగొండలో ఆమె సొంతూరికి పక్క ఊరాయన. పదహారేళ్లుగా క్లాసులకు గంట కొట్టింది ఆయనే. ఇప్పుడు ఆటోమేటిక్ బెల్ పెట్టారు. ఆమె తలెత్తకుండా కాగితంలో ఉన్నదంతా ఇంగ్లీషులో చదివేసింది.

"జర సమజయ్యేటట్టు చెప్పు బిడ్డా," అన్నాడు జంగయ్య నవ్వుతూ.

ఆమె నా వైపు తిరిగింది. "సార్, మీరు తెలుగులో చెప్పండి, ప్లీజ్."

"నేనెందుకు చెబుతానండీ? మీ భాషేగా, మీరే చెప్పండి," అన్నాను. కసిగానే అన్నాను.

నోరు తెరిచింది. కాగితం వైపు చూసింది. మళ్లీ తెరిచింది. మెడ మీద చెమట పట్టింది. చూస్తుంటే నాకు పండగలా ఉంది.

"మొకం గట్లయిందేంది? పానం మంచిగ లేదా?" అంటూ జంగయ్య గబగబా వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చాడు.

"పెద్దనాయనా... రేపటిసంది నువ్వు రావొద్దు. నీ నౌకరి పోయింది."

"ఎవరు తీసిన్రు బిడ్డా?"

దానికి జవాబు "మేనేజ్‌మెంట్ హ్యాజ్ డిసైడెడ్" అని ఇంగ్లీషులో కాగితం మీదే ఉంది. ఆమె కాగితం వైపు చూడలేదు.

"ఒక్క పేరియ్యమన్నరు. నీ పేరు నేనే రాసిచ్చిన పెద్దనాయనా," అని భోరుమంది. నా పండగ అక్కడితో చచ్చింది.

జంగయ్య నీళ్ల గ్లాసు ఆమె ముందు పెట్టాడు. మెడలోని ఐడీ కార్డు తీసి దాని పక్కన పెట్టాడు.

"గా ఇంగ్లీషుల చెప్పి ఊకుంటే అయిపోతుండె గదా బిడ్డా," అన్నాడు. "ఉత్త నౌకరే పోయిందనుకొని పోతుంటి."